దేంట్లకెళ్లి ఏది?

పోయిన నెల మా కాలేజీ గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. పైన పెద్ద అక్షరాలతో అశ్రునివాళి. ఒక పక్క మా కరస్పాండెంటు చేతులు జోడించిన ఫొటో. మధ్యలో, దానికన్నా కాస్త చిన్నగా, చనిపోయిన సారు ఫొటో. పోయిన మనిషికన్నా నివాళి ఇచ్చే మనిషి పెద్దగా కనబడే ఫ్లెక్సీలు జనగామలో కొత్త కాదు కాబట్టి దానికి నాకు కోపం రాలేదు. కోపం వచ్చింది సారు భుజం చూసి. ఆ భుజం మీద నాలుగు వేళ్లున్నాయి. చెయ్యి లేదు, చేతి వెనక మనిషి లేడు. వట్టి నాలుగు వేళ్లు, చొక్కా మీద పాకుతున్న గొంగళిపురుగుల్లా.

ఎవరో ఒక గుంపు ఫొటోలోంచి సారును ఒక్కడినే కత్తిరించి, వెనక నీలంరంగు పోశారు. పక్కనున్న వాళ్లందరినీ తీసేయగలిగారు. చొక్కా మీది వేళ్లను మాత్రం తీయలేకపోయారు. తీస్తే సారు భుజానికి చిల్లు పడుతుంది.

సంతాపసభలో కరస్పాండెంటు మెడలో కండువాతో మాట్లాడాడు. "తెలంగాణ ఉద్యమానికి మన కాలేజీ ఇచ్చిన ఆణిముత్యం" అన్నాడు. ఉద్యమం రోజుల్లో పిల్లల మెడలో కండువా కనబడితే గేటుకు తాళం వేయించిన మనిషి ఈయన. ఆ ఆణిముత్యాన్ని ఉద్యోగంలోంచి తీసేసిన మనిషీ ఈయనే. సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, మీరు సార్‌తోని కలిసి పనిచేసిండ్రు గదా. సంచిక వేస్తున్నం. రెండు పేజీలు రాయుండ్రి. జర మంచి ముచ్చట్లే రాయుండ్రి."

మంచి ముచ్చట్లే రాస్తున్నాను. ఆయన సంచికకు పనికిరావని తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పేది సారు, నేను, ఇద్దరమే. నేను గణితం చదివి కంప్యూటర్లలోకి దిగినదాన్ని. నాకు తప్పు రాదని నాకు గట్టి నమ్మకం, అది పక్కవాళ్లకు కూడా ఉండాలని పట్టుదల. సారుది మహబూబాబాద్ పక్కన తండా. శనివారం సాయంత్రం ప్యాసింజరుకు ఇంటికి పోయి సోమవారం ప్యాసింజరుకు వచ్చేవాడు, సంచిలో జొన్నరొట్టెలతో. పొట్టి మనిషి. కుడిచేతి కఫ్ గుండీ ఎప్పుడూ ఊడే ఉండేది. డస్టరు పక్కనే ఉన్నా బోర్డును ఆ చేతితోనే తుడిచేవాడు. లెక్క చేసేటప్పుడు మాత్రం పెదాలు వాళ్లింటి భాషలో కదిలేవి. "తెలుగులో లెక్కపెట్టలేరా సార్?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "తెలుగుల సదువుకున్న మేడం. కాని లెక్క మా యాడి నేర్పింది" అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఆయనకు ప్రాణమైన పాఠం ఒక్కటే. పుస్తకంలో దాని పేరు వ్యవకలనం. ఆయన నోట్లో 'తీసుడు'. ఫొటోలతో పనిచేయడానికి ఊరికే దొరికే ప్రోగ్రాముల లైబ్రరీ ఒకటుంది. దాని కంటికి ఫొటో అంటే బొమ్మ కాదు, వరసల్లో పేర్చిన అంకెలు. సున్నా అంటే కటిక నలుపు, రెండువందల యాభై అయిదు అంటే తెలుపు. ఒకే సైజు ఫొటోలు రెండిస్తే, మొదటిదాని మొదటి గడిలోంచి రెండోదాని మొదటి గడిని, రెండో గడిలోంచి రెండో గడిని, ఇలా ఎక్కడి అంకెలోంచి అక్కడి అంకెను తీసేస్తుంది. రెండు ఫొటోల్లో మారనిదంతా సున్నా అయి చీకట్లో కలిసిపోతుంది. మారింది మిగులుతుంది.

"ఫొటో తీసుడు అందరికొస్తది. ఫొటోలకెళ్లి ఫొటో తీసుడు నేర్చుకోండ్రి" అనేవాడు పిల్లలతో. పరీక్ష పేపరు దిద్దడానికి వచ్చిన ఒక పెద్దాయన, "తీసుడు ఏమిటండీ, వ్యవకలనం అనలేరా?" అని మూతి విరిచాడు. సారు నవ్వి, "అంటే అనొచ్చు సార్. కాని గా మాటను పిల్లలు నోట్ల పెట్టుకునేసరికి గంట కొడ్తరు" అన్నాడు.

స్టాఫ్‌రూములో ఆయన చేసే ఆగం వేరు. కిటికీ చువ్వకు సైకిల్ ట్యూబు ముక్కతో ఒక చిన్న కెమెరా బిగించాడు. పొద్దున టేబుల్ ఫొటో ఒకటి, సాయంత్రం ఒకటి. రెండింటినీ తీసివేసి, జడ్జిలాగా తీర్పు చెప్పేవాడు. "తెలుగు మేడం కండ్లద్దాలు ఈడ మరిసిపోయింది. లెక్కల మేడం మామిడికాయ తొక్కు సీసా ఈడికెళ్లి ఆడికి నడిసింది. నడిపించినోల్లు మర్యాదగ ఒప్పుకోండ్రి." లెక్కల మేడం నేను. తొక్కు తిన్నది సారే. ఆ ఒక్క తీర్పూ ఎన్నడూ పూర్తికాలేదు.

ఆ కెమెరాను ఎవరైనా ముట్టుకుంటే మాత్రం అగ్గి. "కదిలియ్యకుండ్రి! కెమెరా వెంట్రుకంత కదిలినా లోకమంత మారినట్టె కనవడ్తది. అప్పుడు ఏది నిజంగ మారిందో దేవునికి గూడ తెల్వది." టీవీలో చర్చలు చూస్తూ కూడా ఇదే. ఎవడైనా మన తెలంగాణ మీద అడ్డగోలుగా మాట్లాడితే, మేమంతా తిట్లకు లంకించుకుంటే, ఆయన తాపీగా "గాయిన కెమెరా కదిలింది" అనేవాడు.

రెండో మాట అంతకన్నా విసుగు పుట్టించేది. ఎవరు ఏం తీసివేయబోయినా, "దేంట్లకెళ్లి ఏది?" అని అడిగేవాడు. దేంట్లోంచి ఏది తీస్తున్నావు అని. రాస్తారోకోల రోజుల్లో నేను స్టాఫ్‌రూములో గొంతు చించుకుని మాట్లాడేదాన్ని. మన రాష్ట్రం మనకొస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయని. ప్రతి ర్యాలీలోనూ నాకన్నా ముందు నడిచే సారు అప్పుడు కూడా అదే అడిగేవాడు.

"ఇడిపోవుడంటే తీసుడే గదా మేడం. దేంట్లకెళ్లి ఏది తీస్తున్నమో ఎరుకేనా? తీసినంక మిగిలినదాంట్ల మా తండ కనవడ్తదా? సున్న అయితదా?"

"ముందు రానివ్వండి సార్" అనేదాన్ని. ఇవాళ ఆ జవాబు గుర్తొస్తే నన్ను నేను నాలుగు తన్నాలనిపిస్తుంది.

సున్నా గురించి మాకు వారం రోజులు జగడం నడిచింది. అయిదులోంచి పది తీస్తే మైనస్ అయిదు. చిన్నపిల్లలకు తెలుసు. ఆ లైబ్రరీ సున్నా అంటుంది. నలుపు కింద ఇంకో మెట్టు లేదు కాబట్టి, సున్నా కిందికి పోయిన ప్రతి అంకెనూ అక్కడే ఆపేస్తుంది. గణితం చదివినదానికి ఒళ్లు మండదా?

"ఇది తప్పు సార్. మైనస్ అయిదును మింగేసి సున్నా అనడం దొంగలెక్క."

"దొంగలెక్క గాదు మేడం, సర్దుకునుడు. చీకటికన్న చీకటి లేదనుకుంటది పాపం. దానికేమెరుక? మా తండకు రమ్మనుండ్రి, సూపిస్త."

"జోకు కాదు. అందులో ఒక మనిషే మాయమైపోవచ్చు."

"అందుకే రెండు దిక్కులకెళ్లి తీయాలె. దీంట్లకెళ్లి అది, దాంట్లకెళ్లి ఇది. ఒక దిక్కు మింగింది ఇంకో దిక్కు కక్కుతది."

గుర్తుపెట్టుకోండి, మనిషి మాయమవుతాడన్నది నేను. రెండు వైపులా తీయాలన్నది ఆయన. నెల తిరక్కుండా ఆ తప్పు చేసింది మాత్రం నేను.

ఒక సోమవారం మా పిల్లలు హైదరాబాద్ రోడ్డు మీద రాస్తారోకోకు బయల్దేరారు. ముందు నడిచింది డిగ్రీ ఆఖరి ఏడు చదివే అమ్మాయి. లింగాల ఘనపూర్ దిక్కు రైతుబిడ్డ. గొంతు విప్పితే రోడ్డు అవతలికి వినబడేది. పిల్లలు గేటు దాటిన కాసేపటికి రేకుల షెడ్డు కింద నిలబెట్టిన కాలేజీ బస్సు ముందరి అద్దం పగిలింది. గేటు దగ్గర ఆ ఏడే పెట్టిన కెమెరా నిమిషానికొక ఫొటో తీసేది. ఒక ఫొటోలో అద్దం బాగుంది, మనుషులెవరూ లేరు. తర్వాతి నిమిషం ఫొటోలో అద్దం పగిలి ఉంది, బస్సుకు అయిదడుగుల దూరంలో ఆ పిల్ల ఉంది. చెప్పు తెగితే మార్చుకుందామని వెనక్కి వచ్చానంది. "అద్దం పలిగిన సప్పుడు ఇన్న మేడం, మనిషిని సూడలే" అంది. ఎవరు నమ్ముతారు?

కరస్పాండెంటు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. మీ కంప్యూటరులో ఆ రెండు ఫొటోలు పెట్టి ఏం మారిందో తేల్చి, ప్రింటు తన టేబుల్ మీద పెట్టించమన్నాడు. సారు ఆ రోజు లేడు. రైలు రోకోలో ప్యాసింజరు దారిలోనే ఆగిపోయింది. ఉన్నది నేను, నాకు తప్పు రాదన్న నా నమ్మకం. రెండో ఫొటోలోంచి మొదటి ఫొటోను తీశాను. మిగిలింది మసకగా ఉంటే స్పష్టంగా కనబడడానికి పదితో హెచ్చవేశాను. నల్లటి కాగితం మీద ఒక్కటే వెలిగింది, ఆ పిల్ల తెల్ల యూనిఫాం, తెల్ల చున్నీ. ఇంకేమీ లేదు. పగిలిన అద్దం చోటు కూడా నల్లగానే ఉంది, అదెందుకని నేను ఆలోచించలేదు. ఆ పిల్ల అంటే నాకు ఇష్టమే. అయినా లెక్క లెక్కే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా. కవరు మీద 'కంప్యూటర్ విభాగం' అని స్టాంపు వేసి పంపించాను. పేరు రాయలేదు.

మంగళవారం పొద్దున సారు ల్యాబుకొచ్చాడు. నేను గొప్పగా ప్రింటు కాపీ చూపించాను. కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. తర్వాత, నేను భయపడిన మాటే అడిగాడు.

"దేంట్లకెళ్లి ఏది తీసిండ్రు మేడం?"

"మళ్లీ మొదలుపెట్టకండి సార్. రెండోదాంట్లోంచి మొదటిది. మారింది మిగిలింది. అంతే కదా మీ పాఠం?"

ఆయన నా పక్కన నిలబడే, ప్రోగ్రాములో తీసివేత ఉన్న ఒక్క వరసలో రెండు ఫొటోల పేర్లను అటుదిటు ఇటుదటు మార్చాడు. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు.

పగిలిన అద్దం వెలిగింది. దాని పక్కన, షెడ్డు నీడలో, ఒక మనిషి వెలిగాడు. నల్లచొక్కా మనిషి నల్లటి నీడలో నిలబడితే కంటికి ఆనలేదు. నీడ అంకె ముప్పై అయితే, ఆ చొక్కా అంకె పది. పదిలోంచి ముప్పై తీస్తే నా లైబ్రరీ సున్నా అంది. సున్నాను పదితో హెచ్చవేసినా, పదివేలతో హెచ్చవేసినా సున్నాయే. ముప్పైలోంచి పది తీసేసరికి ఇరవై మిగిలింది, పదింతలు చేస్తే మనిషి లేచి నిలబడ్డాడు. మొఖం తెలియలేదు. చేతిలో రాడ్డు తెలిసింది. దానికన్నా ముందుకొచ్చిన పొట్ట తెలిసింది. ఆ పొట్టను గుర్తుపట్టనివాళ్లు మా కాలేజీలో లేరు. అది కరస్పాండెంటు బామ్మర్ది పొట్ట. అద్దం పగిలితే నేరం రాస్తారోకో పిల్లల మీదికే పోతుందని ఆయనకు తెలుసు.

మేము కరస్పాండెంటు గదికి పోయేసరికి ఆ పిల్ల, వాళ్ల నాయిన టేబుల్ ముందు నిలబడి ఉన్నారు. పోలీసులకు ఇచ్చే కాగితం టైపయి ఉంది. వారంలో పరీక్షలు, హాల్‌టికెట్ ఆయన సొరుగులో ఉంది. కేసైతే ఆ పిల్ల చదువు ఆ సొరుగులోనే ముగిసేది. వాళ్ల నాయిన రుమాలు చేతిలో నలుపుతూ, "బాంచెన్, తెల్వని పోరి" అంటున్నాడు. ఆ పిల్ల "నేను జేయలే నాయిన, దండం బెట్టకు!" అని అరుస్తోంది.

సారు రెండో ప్రింటు టేబుల్ మీద పెట్టాడు.

"ఇదేంది?" అన్నాడు కరస్పాండెంటు.

"తీసుడే సార్. ఇంకో దిక్కుకెళ్లి."

కరస్పాండెంటు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. గదిలో ఉన్నవాళ్లందరి తలలు ఒక్కసారే తలుపు వైపు తిరిగాయి. తలుపు దగ్గర టీ గ్లాసుతో అదే పొట్ట నిలబడి ఉంది. అది మెల్లగా వెనక్కి జరిగింది.

బుద్ధున్న మనిషైతే అక్కడ సిగ్గుపడతాడు. ఈయన టేబుల్ గుద్దాడు. "మరి ఈ మొదటి ప్రింటు ఎవరు తీసిండ్రు? ఒక ఆడపిల్ల బతుకుతోని ఆటలాడ్తరా? మీ విభాగమే గదా స్టాంపేసింది? ఎవరది?"

నా నోరు ఊళ్లో అందరికీ తెలుసు. బస్సులో కండక్టరు మొదలు ఇంట్లో అత్తగారి దాకా ఎవరితోనైనా పడతాను. ఆ రోజు ఆ నోరు తెరుచుకోలేదు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూశాను. ఎంత సేపని అడగండి? మూడు చుట్లు తిరిగి ఉంటుంది.

"నేనే సార్. ఉల్టా తీసిన" అన్నాడు సారు.

కరస్పాండెంటు ఇంకో ప్రశ్న వేయలేదు. సోమవారం సారు ఊళ్లోనే లేడని హాజరుపట్టీ చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. "అనుకున్న" అన్నాడు. ఒక్కటే మాట. కాగితం చింపాడు, సొరుగు లాగి హాల్‌టికెట్ పిల్ల చేతికిచ్చాడు.

బయట మెట్ల మీద పిల్లలు ఫోన్‌లో ఫొటో తీశారు. వాళ్ల నాయిన సారు భుజం మీద చెయ్యి వేసి, "సారూ, నా బిడ్డది తప్పు లేదన్నట్టేనా? కాగితంల అచ్చయిందా?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. "అచ్చయింది బాపు" అంటున్నాడు సారు. నన్ను కూడా రమ్మన్నారు. వెళ్లి చివర నిలబడ్డాను.

పదిహేను రోజులకు సారును తీసేశారు. పనిలో నిర్లక్ష్యం అని కారణం రాశారు. విభాగానికి పెద్దగా నన్ను కూర్చోబెట్టారు. కూర్చున్నాను.

రాష్ట్రం రాబోతోందని అందరూ సంబరంగా ఉన్న ఎండాకాలంలో భూపాలపల్లి పోయాను. సారు అక్కడ బొగ్గుబావుల కార్మికుల పిల్లలకు కంప్యూటర్లు చెబుతున్నాడని తెలిసింది. రెండు గదుల సెంటరు. కీబోర్డుల మీద నల్లటి దుమ్ము. కిటికీ చువ్వకు సైకిల్ ట్యూబుతో కట్టిన కెమెరా. అదే ఊడిన గుండీ. దారి పొడుగునా నేను క్షమాపణ మాటలు పేర్చుకుంటూ పోయాను. మనిషిని చూడగానే అవన్నీ పోయి కోపం వచ్చింది.

"ఎవరడిగారు మిమ్మల్ని? నా తప్పు మీ నెత్తిన వేసుకొమ్మని నేనడిగానా? నన్నెందుకు ఇంత చిన్నదాన్ని చేశారు?"

ఆయన పిల్లలను బయటికి పంపి, నాకు కుర్చీ దుమ్ము దులిపాడు. ఆ కఫ్‌తోనే.

"కూసోండ్రి మేడం. మీరు తీసిండ్రంటే ఆయన నమ్మకపోతుండె. లెక్కల మేడం తప్పెట్ల జేస్తది, ఈ రెండోదే తప్పేమో అని విచారణ పెడ్తుండె. వారం పడ్తుండె. పిల్లకు వారం యాడుంది? తండోడు ఉల్టా తీసిండంటే గప్పున నమ్ముతరు. నమ్మిండు గదా?"

నమ్మాడు. 'అనుకున్న' అన్నాడు. ఆ మాట నేనూ విన్నాను.

ఆయన ఆ మాట నవ్వుతూ చెప్పాడు. అదే నేను ఇప్పటికీ క్షమించలేనిది. వాళ్లకు తనమీద ఉన్న చులకనను పనిముట్టులా వాడుకుని ఒక పిల్లను బయటపడేశాడు. ఆ లెక్కలో నేను ఎటు తేలానో చూడండి. చులకన చేసినవాళ్ల పక్కన.

"నేను ఇప్పుడు పోయి చెప్తాను సార్."

"చెప్పబుద్ధైనప్పుడు చెప్పుండ్రి. మీదే ముచ్చట, నాదేమున్నది? ఒక్కటే. కెమెరా కదలకుండ చెప్పుండ్రి."

జనగామకు వచ్చాను. చెప్పలేదు. రాష్ట్రం వచ్చింది. చెప్పలేదు. పోయిన నెల భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది, పాఠం చెబుతూనే కూలబడ్డాడని. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు చిల్పూర్ దగ్గర బడిలో టీచరు. అడిగితే మెట్ల మీది ఆ పాత ఫొటో పంపింది. ఫ్లెక్సీలో సారు ఉన్నంత మేరకు నేను ఫొటో తీసుకొచ్చాను. ల్యాబులో కూర్చుని రెండింటినీ ఒకే సైజుకు తెచ్చాను, ఎందుకంటే సైజు కలవనివాటిని ఆ లైబ్రరీ తీయనంటుంది. దానికున్న బుద్ధి ఫ్లెక్సీలు కట్టేవాళ్లకు లేదు. సారు మీద సారు సరిగ్గా పడేలా జరిపాను. ఫ్లెక్సీలోంచి ఫొటోను తీశాను. వెనక పోసిన నీలంరంగు ఒక్కటే మిగిలింది.

ఈసారి రెండో వైపు నుంచి కూడా తీశాను.

ఫొటోలోంచి ఫ్లెక్సీని తీస్తే అందరూ వచ్చారు. తెల్ల చున్నీ వచ్చింది. రుమాలు వచ్చింది. వాళ్ల నాయిన చెయ్యి వచ్చింది, వేళ్లు లేకుండా, ఎందుకంటే ఆ నాలుగు వేళ్లు గేటు దగ్గరే ఉన్నాయి. మధ్యలో, రెండింటిలోనూ ఉన్నాడు కాబట్టి, సారు ఆకారంలో నల్లటి ఖాళీ. అందరికన్నా చివర, తలదించుకుని, చేతిలో ప్రింటు కాపీ దాచుకుని ఒక ఆడమనిషి.

ఆ మొదటి ప్రింటు తీసింది నేను. సోమవారం సారు ఊళ్లో లేడు. హాజరుపట్టీ ఇప్పటికీ ఆఫీసు బీరువాలో ఉంది, తీసి చూసుకోండి.

కెమెరా కదల్లేదు సార్.